తడి గోడ మీద నాలుగు చేతులు

నవంబర్ 24, సోమవారం

పిచ్చిరాతలు కాదు నాన్నా. నిన్న నీ ముందు నోరు రాలేదు, ఇక్కడ చెబుతున్నా. పిచ్చిరాతలు కాదు.

"గోడ మీద ఎవడో తాగుబోతు పూసిన తారుకి ఏడుస్తావేంట్రా జోయలూ. తాతయ్య పోతే ఒక్క చుక్క రాలేదు నీకు." అందరి ముందూ అన్నావు. బ్రష్‌లు కడుగుతున్న యోహాను అంకుల్ నవ్వాడు.

తాతయ్య పోయినప్పుడు ఏడ్చాను. ఇక్కడ, స్కూల్ బాత్రూంలో. నువ్వు చూడలేదు, అంతే.

జరిగింది రాసుకోవాలి. లేకపోతే తల పగిలిపోయేట్టుంది. శనివారం నేను పనిచేసే షాపులో ఖాళీ సీసాల పెట్టెలు మోస్తున్నాను. మన సంఘం మగాళ్ళంతా చర్చి సెల్లార్‌లో రంగులేస్తున్నారు. క్రిస్మస్ కదా. ఊళ్ళో అయితే గుడికి సున్నం కొట్టందే డిసెంబర్ మొదలవదు, డ్రెస్డెన్‌లో మాత్రం ఎందుకు మొదలవ్వాలి. చర్చి జర్మన్‌వాళ్ళది, ఆదివారం మధ్యాహ్నాలు మనకిస్తారు. వాళ్ళకి ఏదైనా చేసిపెట్టాలని నాన్న ఎప్పట్నించో అంటున్నాడు. కింద గదిలో ప్రేమ విందు, అంటే సంఘం భోజనాల, గిన్నెలకి చోటు చాలడం లేదని పాత బీరువా జరిపారు. దాని వెనక గోడ మీద నల్లగా రాతలు, చేతి ముద్రలు. సండే స్కూల్ పిల్లలు దడుచుకుంటారని రెండు కోటింగులు వేశారు. లేత గులాబీ రంగు. పైన తెలుగులో ఒక వచనం, బంగారు అక్షరాలు.

గ్రూపులో ఫొటోలు పెట్టారు. ముందు, తర్వాత. కింద వరసగా చప్పట్ల బొమ్మలు.

'ముందు' ఫొటో ఆదివారం పొద్దున చూశాను. బూట్ల లేసులు కూడా కట్టుకోకుండా పరిగెత్తాను. అప్పటికే రంగు ఆరిపోయింది.

ఆ గోడ నాకు తెలుసు. స్కూల్ మానేసిన ఏడాది నుంచీ నా గది తలుపు మీద ఉంది.


నవంబర్ 25

ఆల్బం అట్ట పక్కన ఫోన్ పెట్టుకుని చూశాను. తప్పని తేలితే బాగుండని. తేలలేదు. పైపు వంపు అదే. ఇటుక ఊడిన చోటు అదే. తారులో ముంచి గోడకి కొట్టిన నాలుగు అరచేతులు అవే. కింద పేరు. నాస్సె వాండ్, తడి గోడ.

ఈ ఊరు ఇంకా తూర్పు జర్మనీలో ఉన్నప్పుడు నలుగురు పిల్లలు దొంగచాటుగా చేసిన ఆల్బం. టేప్ రికార్డర్ మీద. పర్మిషన్ లేదు, అడిగితే ఇచ్చేవాళ్ళూ లేరు. చోటిచ్చిన పాస్టర్ ఇరుక్కుంటాడని ఎక్కడ చేశారో నలుగురూ నోరు విప్పలేదు. ఆ దేశం పోయాక కూడా విప్పలేదు. పంక్ సంగీతం పిచ్చున్న పిల్లలు ఇప్పటికీ ఆ సెల్లార్ ఎక్కడా అని వెతుకుతూనే ఉన్నారు. నోయ్‌స్టాట్ పేటలో ట్రామ్ స్టాప్ దగ్గర కుక్కతో కూర్చునేవాడి జాకెట్ వెనక ఆ నాలుగు చేతులే. మా షాప్ పక్క బేకరీలో అమ్మాయి మెడ మీద పచ్చబొట్టు, అవే.

అంతమంది వెతికారు. మనవాళ్ళు వెతక్కుండానే కనిపెట్టారు. కనిపెట్టి రంగేశారు.

అన్నం సగంలో వదిలేశాను.


నవంబర్ 26

ప్రాక్టీస్. డిసెంబర్ ఆరున యూత్ క్లబ్‌లో మా బ్యాండు ఆ ఆల్బం మొదటి నుంచి చివరిదాకా వాయించాలి. స్కూల్లో నా ఫ్రెండు లెని గిటార్, పాట. నేను డ్రమ్స్. ఈ ఒక్క రోజు కోసమే కదా ఏడాదంతా.

లెని తీగలు సరిచేసుకుంటూ, నా వైపు చూడకుండా, "ఓమా చెప్పేసింది" అంది.

ఓమా అంటే వాళ్ళ అమ్మమ్మ. ఊటె. ఆ ఆల్బంలో పాడింది ఆవిడే. అప్పుడావిడకి మా వయసు.

"ఏం చెప్పింది?"

"ఆ సెల్లార్ ఉందట. ఇంకా ఉందట. కొలోన్ నుంచి వస్తోంది కదా, మనం వాయించే రోజు పొద్దున తీసుకెళ్తానంది. నిన్ను కూడా రమ్మంది, డ్రమ్స్ వాడు చూడాలట."

"ఎక్కడ?"

"అది చెప్పదు. వెళ్ళాక చూడండి అంటుంది. మా అమ్మకి కూడా తెలీదు, జో." ఆగి, "మాతి చెయ్యి ఒకసారి ముట్టుకోవాలట" అంది.

మాతి ఆవిడ తమ్ముడు. బాస్ గిటార్ వాయించాడు. ఆ ఆల్బం చేతులు మారుతూ బయటికి వెళ్ళాక పోలీసులు పట్టుకుపోయారు. తిరిగొచ్చాడు గానీ మనిషి మారిపోయాడట. ఒకరోజు ఇంట్లోంచి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. సమాధి లేదు. ఒక్క ఫొటోలో కూడా సరిగ్గా నిలబడలేదట. ఉన్నది ఆ చెయ్యే. ఎడమ చివరిది. చిటికెన వేలు కొంచెం వంకర.

కర్ర జారి పడింది నా చేతిలోంచి. వంగి తీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"జ్వరమా? ఇంటికెళ్ళు" అంది లెని. "శనివారం మాత్రం చస్తే కూడా రావాలి."

చెప్పలేదు.


నవంబర్ 27

అమ్మకి చెప్పాను. గులాబీ పువ్వులు వేయిస్తోంది, అచ్చు నూనెలో ముంచి తీస్తూ వింది. అంతా విని అచ్చు పక్కన పెట్టింది.

"అది నేరమా ఇక్కడ?"

"ఏమో. కావచ్చు. ఇంకొకళ్ళ బిల్డింగు."

"మీ నాన్న సిటిజన్‌షిప్ ఫైలు ఆఫీసులో ఉంది. నీకు తెలుసు కదా. పోలీసు కేసు లేదని రాసిస్తేనే అది కదిలేది."

"తెలుసు."

"చర్చి హాలు కూడా తీసేసుకుంటారేమో. ఇంతమంది ఎక్కడికి పోతాం నాయనా. మళ్ళీ ఎవరి డ్రాయింగ్ రూముల్లోనో ప్రార్థనలు, పక్కింటివాళ్ళు గోడ కొట్టడం." పొయ్యి ఆపేసింది. "ఆ పిల్లకి చెప్పావా?"

"లేదు."

"చెప్పకు." అచ్చు మళ్ళీ చేతిలోకి తీసుకుని, "చెప్పకుండా ఎలా ఉంటావు" అని ముఖం తిప్పుకుంది.

నాకప్పటిదాకా మాతి చెయ్యి ఒక్కటే భయం. ఇప్పుడు హాలు, ఫైలు, నాన్న.


నవంబర్ 28

ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నా. చూస్తే పాత సిమ్ మార్చమని కంపెనీ వాడు.


నవంబర్ 29

చేశాను ఒక పని. చెయ్యకుండా ఉండాల్సింది.

నాన్న గుడి తాళంచెవి వంటగది మేకుకి తగిలిస్తాడు. నక్షత్రం కట్టొస్తానని చెప్పి తీసుకెళ్ళాను. గోరువెచ్చటి నీళ్ళు, స్పాంజి, అమ్మ అట్లకాడ. రంగు గీకే వీడియోల్లో ఎంతో తేలిగ్గా ఉంటుంది... ఎడమ చివర, మాతి చెయ్యి ఉండాల్సిన చోటికి కొంచెం దూరంగా మొదలెట్టాను. గులాబీ రంగు పొరలా లేచింది. గుండె ఎగిరింది. పొర తిప్పి చూశాను.

వెనక నలుపు అంటుకుని ఉంది. రంగుతో పాటు తారూ వచ్చేసింది. కింద ఒట్టి సిమెంటు.

అక్కడే కూర్చుండిపోయాను. ఏ అక్షరంలో ముక్కో. గోరంత. చేతిలో పట్టుకుని ఏం చెయ్యాలో తెలీక పర్సులో పెట్టుకున్నాను. ఎవరైనా చూస్తే దొంగ అనే అనుకుంటారు.

గోడ ముట్టుకుంటే చల్లగా, కొంచెం చెమ్మగా ఉంది. లోపల ఉన్నాయి చేతులు. రెండు కోటింగుల వెనక. ఉన్నాయి, కానీ తియ్యడానికి లేదు. తియ్యబోతే పోతాయి. మరి లెక్క ప్రకారం ఉన్నట్టా పోయినట్టా...


నవంబర్ 30, ఆదివారం

ఆరాధన. నాన్న సాక్ష్యం చెప్పాడు. సెల్లార్ ఎలా ఉండేది, ఎలా అయ్యింది. మోకాలి నొప్పితో వంగలేక, కింద వరస మొత్తం చాప మీద పడుకుని వేశాడట. "దేవుడు శక్తి ఇచ్చాడు" అన్నాడు. అందరూ చప్పట్లు. పిల్లలు ఆ గోడ ముందే వరసగా నిలబడి క్రిస్మస్ పాట పాడారు. తలల మీద వెండి కాగితం కిరీటాలు. నాన్న ముఖం... అలా వెలగడం ఈ దేశం వచ్చాక నేను చూడలేదు.

ట్రామ్‌లో నాన్నకి చెప్పాను. నిలబడి, రాడ్ పట్టుకుని, చెవి దగ్గర. మొత్తం.

మూడు నాలుగు స్టాపులు దాటాక నా వైపు తిరిగాడు.

"చచ్చిపోయినోడి చెయ్యా?"

"పోయాడో లేదో కూడా తెలీదు నాన్నా."

"ఆ వచ్చేది వాడి అక్కా?"

"సొంత అక్క."

కిటికీలోంచి ఎల్బే నది వైపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఎవరికీ అనకు. రంగు మనమే వేశామని వాళ్ళకెలా తెలుస్తుంది?"

"గోడ మీద తెలుగులో రాసుంది నాన్నా."

ఒక్క క్షణం నవ్వొచ్చింది ఇద్దరికీ. నిజంగానే. అది అయిపోయాక ఇంకా ఘోరంగా అనిపించింది.


డిసెంబర్ 1

షాపులో సీసాల మెషిన్ జామ్. రోజంతా బీరు కంపు. మంచిదే, ఆలోచించలేదు.


డిసెంబర్ 2

ఆల్బం మళ్ళీ మొదటి నుంచి విన్నాను.

లెని నాకు మొదటిసారి వినిపించింది ట్రామ్ స్టాప్‌లో. నేను తొమ్మిదో క్లాసులో వెనక బెంచీ, జర్మన్ సగం కూడా అర్థమయ్యేది కాదు. టీచర్ అడిగితే నవ్వేవాడిని, అదొక్కటే వచ్చు. తను ఒక ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టింది, అడక్కుండానే. పంక్ అంటే కోపం అంటారు అందరూ. నాకు కోపం వినిపించలేదు. భయం వినిపించింది. భయపడుతున్నవాళ్ళు ఆగకుండా వాయిస్తున్నారు. అలా కూడా చెయ్యొచ్చని నాకు తెలీదు. భయమేస్తే నోరు మూసుకుని కూర్చోవాలనే తెలుసు అప్పటిదాకా.

మూడో పాట మధ్యలో అంతా ఆగిపోతుంది. పైన ఎవరో తలుపు కొట్టారట రికార్డింగ్‌లో. నలుగురూ ఊపిరి బిగబట్టారు. టేప్ తిరుగుతూనే ఉంది. ఎవరో వెళ్ళిపోయారు, మళ్ళీ అందుకున్నారు. ఆ ఆగడం తీసెయ్యలేదు, అలాగే ఉంచేశారు. ఇప్పుడు ఈ ఆల్బం ఎవరు వాయించినా అక్కడ ఆగాల్సిందే. హాలంతా ఊపిరి తియ్యదు. ఎంతసేపు ఆగాలో లెక్క లేదు, డ్రమ్స్ వాడే తేల్చుకోవాలి. లెని అంటుంది, "నీకు నిజంగా భయం పోయాక కొట్టు."

ఈ లెక్కన శనివారం మొదలెట్టనే లేను.


డిసెంబర్ 3

నాన్న నా గదిలోకొచ్చాడు. తలుపు మీద అట్టని చాలాసేపు చూశాడు. ఇన్నాళ్ళూ దాన్ని చూసీ చూడనట్టు తలుపు వేసేవాడు. చెయ్యెత్తి వంకర వేలు మీద పెట్టబోయి, పెట్టలేదు.

"పెట్టు, వింటా."

పెట్టాను. మంచం అంచున కూర్చుని, కళ్ళు మూసుకుని, ప్రార్థనలో కూర్చున్నట్టే విన్నాడు. చిన్నప్పుడు నాకు కంజిర నేర్పింది ఆయనే. మోకాలి మీద వేలితో తాళం వేస్తున్నాడు, అది తప్పిపోతోంది.

"డ్రమ్స్ వాడు నిలవట్లేదురా. ముందుకి ముందుకి పోతున్నాడు."

"అవును."

"ఎవడో వెనకాల వస్తున్నట్టు."

"అవును నాన్నా."

"నువ్వూ ఇలాగే కొడతావా?"

"ఇలాగే కొట్టాలి."

లేచేటప్పుడు మోకాలు పట్టుకుంది. "పాపం, పిల్లలు" అన్నాడు. ఎవరినన్నాడో. వాళ్ళ వయసు ఇప్పుడు నాన్న కంటే ఎక్కువ.


డిసెంబర్ 4

అనుకున్నంతా అయ్యింది. ఇక్కడి జర్మన్ పాస్టరమ్మ నాన్నకి ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను, స్పీకర్లో ఉంది. ఆవిడ కొత్తగా వచ్చింది, సెల్లార్ సంగతేమీ తెలీదు. కొలోన్ నుంచి ఒక పెద్దావిడ వస్తోందట, చిన్నప్పుడు ఈ చర్చిలో తిరిగిందట, శనివారం పొద్దున ఒక్కసారి కిందకి దిగి చూస్తుందట. ఆ టైముకి నేను ఊళ్ళో ఉండను, తాళాలు మీ దగ్గరున్నాయి కదా, మీరు తీస్తారా?

"యా, యా. గెర్నె" అన్నాడు నాన్న. సంతోషంగా చేస్తాను అని. ఆఫీసులో ఎవరేమడిగినా అదే మాట, అలవాటు. ఫోన్ పెట్టేశాక చేతిలో దాన్ని చూస్తూ కూర్చున్నాడు.

అమ్మ: "ఒంట్లో బాలేదని చెప్పండి. యోహాను అన్నయ్యని పంపండి."

నాన్న: "యోహాను ఏం చెప్తాడు. రంగు కొన్నది నేను. వెయ్యమన్నది నేను."

అమ్మ: "ఫైలు?"

నాన్న పెదాలు కదులుతున్నాయి. దగ్గరికెళ్ళి విన్నాను. జర్మన్‌లో వాక్యం కట్టుకుంటున్నాడు. మాకు తెలియలేదు... మేము మంచి అనుకున్నాము... క్రియ చివర పెట్టి, మళ్ళీ మొదటి నుంచి. టెర్మిన్‌కి, అంటే ఆఫీసు అపాయింట్‌మెంట్‌కి, వెళ్ళేముందు చేసేట్టు.

లెనికి మెసేజ్ రాశాను. తుడిచేశాను. రాశాను. తుడిచేశాను. 'టైపింగ్' అని కనపడుతుంది కదా తనకి.

"ఏంటి జో, నవల రాస్తున్నావా?"

"ఏం లేదు. రేపు కలుద్దాం."


డిసెంబర్ 5

ఊటె వచ్చింది ప్రాక్టీస్‌కి. నేనెవరినో ఊహించుకున్నాను... పొట్టి మనిషి, ఊలు టోపీ, చెవికి మెషిన్. మేం మొదలెట్టగానే మెషిన్ తీసి జేబులో వేసుకుంది. "మీరు చాలా బాగా వాయిస్తున్నారు, అంటే గోలగా ఉంది" అంది. అందరూ నవ్వారు.

అయ్యాక నా దగ్గరికొచ్చి నా చెయ్యి తీసుకుంది. తిప్పి అరచెయ్యి చూసింది. కర్రలు పట్టి కాయలు కాసిన చోట వేలితో నొక్కింది.

"మాతికీ కాయలే, వేళ్ళ కొసల్లో. నా చెయ్యి వాడి దాంట్లో ములిగిపోయేది. రేపు పెట్టి చూపిస్తా, చూడు."

ఇప్పుడు, అనుకున్నాను. ఇప్పుడే చెప్పు.

"మీరు... మళ్ళీ ఎప్పుడైనా వెళ్ళారా అక్కడికి?"

"లేదు. భయం." చాలా మామూలుగా అంది, చలి అన్నట్టు. "ఉందో లేదో చూడకపోతే ఉన్నట్టే కదా. ఇప్పుడు వయసైపోయింది. ఇంక భయపడుతూ కూర్చునే టైం లేదు."

లెని వాళ్ళ అమ్మమ్మ భుజం మీద గడ్డం ఆనించి నన్నే చూస్తోంది. ఎంత సంతోషంగా ఉందంటే.

"చెయ్యి లాగేసుకుంటున్నావేం" అంది ఊటె.

"చెమట పట్టింది, ఇప్పుడే వాయించాను కదా" అన్నాను.

అబద్ధం. పర్సులో గోరంత నలుపు.


డిసెంబర్ 6, శనివారం, పొద్దున

నాన్న నిద్రపోలేదు. కళ్ళు చూస్తే తెలుస్తోంది. ఇంటర్వ్యూలకి వేసే కోటు కుర్చీ మీద వేసి పెట్టుకున్నాడు. "నేను మాట్లాడతా, నువ్వు పక్కన ఉండు. మాట తప్పితే అందివ్వు" అన్నాడు. అమ్మ డబ్బాలో గులాబీ పువ్వులు సర్దింది. "ఖాళీ చేతుల్తో ఎలా వెళ్తారు" అంటుంది. తమ్ముడి చెయ్యి చెరిపేసి పిండివంట పట్టుకెళ్తున్నాం. అమ్మకి ఆ మాట అనలేదు.

నాన్న కాగితం మీద నుంచి కాదు, నోటికి చదువుతున్నాడు. బాత్రూంలోంచి వినపడుతోంది. ప్రతిసారీ 'చెయ్యి' అనే మాట దగ్గర ఆగిపోతున్నాడు.

ఒక ఆలోచన పొద్దున్నుంచీ. నేనే వేశానని చెప్తే?

నాన్నకి ఫైలుంది. సంఘానికి హాలుంది. నా పేరు ఆ ఫైల్లో లేదు, స్కూలే పూర్తిచెయ్యనివాడికి ఫైలేంటి. ఎవరో కుర్రాడు, తెలీక వేశాడు, తిడతారు, వదిలేస్తారు. నాన్నని వదలరు.

నాకు ఫైలు లేదు. లెని ఉంది.

పంకే ప్రాణం అనేవాడు ఆ గోడకి గులాబీ రంగు వేశాడంటే తను నమ్ముతుందా. నమ్మకపోతే నాన్న గురించి తెలిసిపోతుంది. నమ్మితే... మళ్ళీ నా మొహం చూడదు. ఏది జరిగితే మేలని కోరుకోవాలో అర్థం కావడం లేదు. ఊటెకి ఎవరు వేశారన్నది అసలు అక్కర్లేదేమో. ఆవిడకి చెయ్యి కావాలి.

ఆవిడ మెట్లు దిగకముందే చెప్పాలి. అది ఒక్కటే తెలుస్తోంది. దిగి, గులాబీ రంగు చూసి, అప్పుడు వినకూడదు. ఆ మెట్ల మీద ఎవరో ఒకరు అడ్డం నిలబడాలి.

నాన్న జర్మన్ మెట్ల దగ్గర తట్టుకోదు. గెర్నె అనేస్తాడు.

లెని మెసేజ్. "మేం ముందే వచ్చేశాం, ఓమా ఆగలేకపోయింది. జో నువ్వు నమ్మవు, ఇది మీ చర్చి!! నీకు తెలుసా??"

ఇంకొకటి. "తలుపు వేసుంది. ఓమా గుమ్మం ముందు కూర్చుంది. చలిగా ఉంది, త్వరగా."

బాత్రూంలో నీళ్ళ చప్పుడు ఆగింది. "ఒరేయ్, ఎవరు? వాళ్ళేనా? ఉండు, టై కట్టుకుని వస్తున్నా. నేను లేకుండా వెళ్ళకు."

తాళంచెవి నా చేతిలో ఉంది. ట్రామ్ ఇప్పుడే ఉంది, ఆయన మోకాలితో అందుకోలేడు, నేను అందుకుంటాను. నాన్న రాకముందే, నేనే చెప్తాను.

వెళ్ళాలి.